జేజి కోసం అంతమంది ఎందుకు ఏడ్చారు?

చిరంజీవులైన మనుమడికీ మనుమరాలికీ తాత ఆశీస్సులు.

జేజి పెద్దకర్మ నాడు మీరు నన్నొక మాట అడిగారు. జేజికి బిడ్డలు ఇద్దరే కదా, మరి మనకు చుట్టాలు కానివాళ్లు, తలలు నెరిసినవాళ్లు కూడా అంతగా ఎందుకు ఏడ్చారని. ఆనాడు నాకు గొంతు పెగలలేదు. ఇప్పుడు అనంతపురం చుట్టూ వేరుశనగ చేలు పచ్చగా పూసి ఉన్నాయి. మీ జేజి, అంటే మా అక్క సంగతి ఆ చేనును చూపించే చెబుతాను.

వేరుశనగ విత్తిన నెలకల్లా పూస్తుంది. పొద్దున విచ్చిన పువ్వు ఆనాడే వాడుతుంది. అయితే అది వాడిన చోటి నుంచే సూది వంటి ఊడ ఒకటి బయలుదేరి, కిందికి సాగి, మట్టిలో దిగుతుంది. ఊడ అనగానే మీకు కదిరి దగ్గరి తిమ్మమ్మ మర్రిమాను గుర్తుకు రావచ్చు. 1989లో గిన్నిస్ పుస్తకానికెక్కిన ఆ మాను ఊడలు ఎంత దూరానికైనా కనబడతాయి, వేరుశనగ ఊడను చూడాలంటే మాత్రం నడుము వంచాలి. దాని కొన నేలలోని చీకటిలోనే ఉబ్బి కాయవుతుంది. ఆ కాయకు కావలసిన కాల్షియాన్ని కాయే మట్టిలోంచి పీల్చుకుంటుంది గనుక, ఊడలు దిగే అదనులో రైతు కలుపు తీసి, కాల్షియం ఇచ్చే జిప్సం ఎకరాకు 200 కిలోలు వేసి, మట్టిని గుల్లచేసి పెడతాడు. మీ జేజి ముప్పై ఏండ్లకు పైగా ఒకటో తరగతి పిల్లలకు చేసింది ఆ పనే. వాళ్లు ఆమె ముందు పూసింది ఒక్క ఏడాది. కాసిందంతా ఆమె కంటికి కనబడని చోట.

మా చిన్నతనంలో ఏరువాకకు ముందు ఇంటిల్లిపాదీ కూర్చుని విత్తనపు కాయలు ఒలిచేవాళ్లం. అక్కకు పదమూడేండ్లు, నాకు ఐదు. వేళ్లు నొచ్చి నేను ఏడిస్తే, ఆమె గింజలతో నేలమీద 'అ' పేర్చి, నన్నూ అలాగే పేర్చమనేది. నేను సగం అక్షరం తినేసేవాణ్ణి. ఆమె కోప్పడక, "తిన్నది మళ్లీ పెట్టు నాయనా" అనేది. బడికి పోకముందే నాకు ఓనమాలు అలా వచ్చాయి.

పెండ్లయ్యాక ఆమె కోడి కూతకు లేచి, సంగటి కెలికి, మంచం పట్టిన అత్తకు తినిపించి, బస్సెక్కి బడికి పోయేది. అరవై దాటిన ఆ అత్తకే సంతకం నేర్పి, వేలిముద్ర మాన్పించింది. చదువు చెప్పేవారికి ఇల్లూ బడీ వేరుకావని ఆమెను చూసి తెలుసుకున్నాను; మీరూ తెలుసుకోండి. బడుల్లో మధ్యాహ్న భోజనం వచ్చింది 2003లో. అంతకు ముందు, పొద్దున ఏమీ తినకుండా వచ్చే పిల్లలకోసం ఆమె సంచిలో ఎప్పుడూ వేయించిన వేరుశనగ బుడ్డలు ఉండేవి. పటం ముందు పూలకు బదులు దోసెడు బుడ్డలు పెట్టి, అక్కడే కూలబడిన పెద్దాయనను మీరు చూశారు కదా, ఆయన అలాంటి పిల్లవాడే.

పైన పూసినదానికి కిందికి దారి ఎలా తెలుస్తుందో, ఇన్నేండ్లు సేద్యం చేసిన నాకు ఇప్పటికీ వింతగానే ఉంటుంది. ఆదివారం మీ నాయనను వెంటబెట్టుకుని చేనికి పోండి. చెట్టును పీకకండి. కొమ్మను కొంచెం ఎత్తి, ఒక ఊడ పక్క మట్టిని వేలితో మెల్లగా తొలగించి చూసి, మళ్లీ కప్పెయ్యండి. ఏం కనబడిందో నాకు రాయండి.

మీ తాత