జాంబీలు, ఆవిరి పడవలు, గోదారి ప్రేమకథ: అపోహలు - వాస్తవాలు

కౌమారంలో ఉన్న పిల్లల కోసం నవలలు రాయడం నా పని. ఇప్పుడు రాస్తున్నది గోదావరి డెల్టాలో నడిచే స్టీమ్‌పంక్ (ఆవిరి యంత్రాలే రాజ్యమేలే ఊహా చరిత్ర) ప్రేమకథ. అందులో జాంబీలు, అంటే లేచి తిరిగే శవాలు, కూడా ఉన్నాయి. ఇలాంటివి రాయాలని ఉన్న కుర్రాళ్లు, అమ్మాయిలు, వాళ్లను చూసి కంగారుపడే పెద్దవాళ్లు తరచూ అవే అనుమానాలు అడుగుతున్నారు. జవాబులు ఒకచోట పెడుతున్నాను.

అపోహ: జాంబీ అంటే మన దెయ్యమే, పేరు మార్చారంతే.

మన దెయ్యం ఒళ్లు పోగొట్టుకున్న ప్రాణం. కోరిక తీరక చింతచెట్టు మీద కూర్చుంటుంది, ఎవరినో పట్టి వాళ్ల నోటితో మాట్లాడుతుంది. జాంబీ దీనికి తిరగేసిన బొమ్మ: ప్రాణం పోగొట్టుకున్న ఒళ్లు. దానికి కోరిక లేదు, కక్ష లేదు, చెప్పుకోవడానికి మాట లేదు. శవంలో ఉండే బేతాళుడు దగ్గరి చుట్టంలా కనిపిస్తాడు గానీ, కథ చెప్పి చిక్కుప్రశ్న వేసేంత తెలివి ఆయనది. ఆ తెలివి ఇచ్చిన మరుక్షణం అది జాంబీ కాకుండా పోతుంది. నా మొదటి చిత్తుప్రతిలో జాంబీ చేత పగ తీర్పించాను. తప్పు తెలిశాక ఆ అధ్యాయాలన్నీ తీసేసి మళ్లీ రాశాను.

అపోహ: ఇది సినిమావాళ్లు పుట్టించిన జబ్బు కథ, మన నేలకు సంబంధం లేదు.

గుంపుగా మీద పడి మనుషుల్ని తినే శవాలు 1968లో వచ్చిన ఒక అమెరికన్ సినిమాతో జనంలో స్థిరపడ్డాయి. ఆ సినిమాలో జాంబీ అనే మాటే వినిపించదు. అసలు జాంబీ పుట్టిల్లు కరీబియన్ సముద్రంలోని హైతీ. పద్దెనిమిదో శతాబ్దంలో అది ఫ్రెంచివాళ్ల వలస. ఆఫ్రికా నుంచి పట్టుకొచ్చిన బానిసలతో అక్కడ చెరకు తోటల్లో చావగొట్టి పని చేయించేవారు. 1791లో బానిసలు తిరగబడ్డారు, 1804లో దేశం స్వతంత్రమైంది. ఆ నేల మీద మిగిలిన భయం ఒక్కటే: చచ్చాక కూడా విడుదల లేకపోతే? మంత్రగాడు శవాన్ని లేపి మళ్లీ పనికి తోలితే? హైతీ జనం జాంబీని చూసి భయపడిన దానికంటే, తామే జాంబీ అవుతామేమోనని ఎక్కువ భయపడ్డారు.

ఇప్పుడు కాకినాడ దగ్గరి కోరంగి రేవులో నిలబడండి. బ్రిటిష్ వలసల్లో బానిసత్వాన్ని రద్దు చేసే చట్టం 1833లో వచ్చింది. చెరకు తోటలకు కూలీలు కావాల్సి వచ్చారు. ఒప్పంద కూలీల పేరుతో మన తెలుగువాళ్లను ఓడలెక్కించి మారిషస్ పంపిన రేవుల్లో కోరంగి ఒకటి. అక్కడా, బర్మాలోనూ తెలుగువాళ్లకు 'కొరంగీలు' అన్న పేరే పడింది. అదే చెరకు, అదే చాకిరీ. జాంబీ మన నేలకు పరాయిదని నేను ఎలా అనుకోగలను?

ఇక్కడే తెలుగు నాకొక వరం ఇచ్చింది. 'నా ఇష్టం' అంటే నా నిర్ణయం. 'నువ్వంటే ఇష్టం' అంటే ప్రేమ. రెండింటికీ ఒకటే మాట. జాంబీ నుంచి లాక్కున్నది మొదటి ఇష్టం, ప్రేమకథకు కావలసింది రెండోది. మొదటిది లేనివాడికి రెండోది ఉంటుందా? నా నవల మొత్తం ఈ ప్రశ్న మీద నడుస్తోంది.

అపోహ: మనం శవాలను కాల్చేస్తాం కాబట్టి తెలుగులో జాంబీ కథ కుదరదు.

పూడ్చేవాళ్లు మన ఊళ్లలో ఎప్పుడూ ఉన్నారు. జంగాలు, ముస్లింలు, క్రైస్తవులు, ఇంకా కొన్ని కులాలవాళ్లు పూడుస్తారు. పసిపిల్లలనూ పూడుస్తారు. పైగా 1839 నవంబరు తుపానులో సముద్రం కోరంగి మీదికొచ్చి ఊరిని తుడిచిపెట్టింది. అంత్యక్రియలకు నోచుకోనివాళ్ల సంగతి మన తీరానికి ఒకరు చెప్పాలా?

అపోహ: స్టీమ్‌పంక్ అంటే టోపీకి నాలుగు పళ్లచక్రాలు, కళ్లకు ఇత్తడి అద్దాలు.

ఈ అపోహ మీద నాకు నిజంగానే కోపం ఉంది, అందుకని కాస్త వివరంగా చెబుతాను. ఆ పేరు 1987లో కె. డబ్ల్యు. జీటర్ అనే అమెరికన్ రచయిత పెట్టింది. దాని గుండెకాయ అలంకారంలో లేదు, 'చరిత్ర ఆ మలుపు తిరిగి ఉంటే' అనే ఊహలో ఉంది. మన డెల్టాలో అలాంటి మలుపు సిద్ధంగా ఉంది. 1847లో మొదలై 1852కి పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్టతో కాలువలు వచ్చాయి. దాన్ని కట్టించిన ఇంజనీరు ఆర్థర్ కాటన్ దేశానికి రైళ్ల కంటే పడవలు తిరిగే కాలువలే మేలని గట్టిగా వాదించారు. ఆ మాట నెగ్గలేదు. 1900లో రాజమండ్రి దగ్గర గోదావరి మీద రైలు వంతెన వచ్చింది. నా నవలలో ఆ మాట నెగ్గింది. దేశమంతా కాలువలే, వాటి నిండా ఆవిరి పడవలే. మరి ఇన్ని బాయిలర్లలో రాత్రీపగలూ కట్టెలు వేసేదెవరు? కూలి అడగనివాళ్లు, అలిసిపోనివాళ్లు. జాంబీ కథలోకి వచ్చింది ఆ పొయ్యి దగ్గరికే.

యంత్రం ఎలా పనిచేస్తుందో తెలియకుండా రాయకండి. నీరు ఆవిరైతే 1,600 రెట్లకు పైగా వ్యాపిస్తుంది, ఆ తోపుడే శక్తి. నేను ఉప్పుడు బియ్యం మిల్లుకు వెళ్లి, ఊకతో నడిచే బాయిలర్ పక్కన కొన్ని రోజులు కూర్చున్నాను. అక్కడి ఆపరేటర్ గారు మొదటి రోజే చెప్పారు: "స్విచ్చేస్తే తిరిగే ఫ్యాను కాదండీ ఇది. దీనికి టైమివ్వాలండీ." చల్లారిన పెద్ద బాయిలర్‌ను తొందరపెడితే ఇనుము ఒకచోట సాగి, ఒకచోట సాగక అతుకులు కారతాయి. ఆవిరి పట్టడానికి గంటలు కావాలి. వరదల్లో వచ్చే ఎర్రనీళ్లు పోస్తే అడుగున మట్టి పేరుకుని రేకు కాలిపోతుంది.

ఈ ఇబ్బందులే నాకు కథనిచ్చాయి. గుంపు కాలువగట్టు మీద వస్తోంది, పడవ కదలడానికి ఇంకా మూడు గంటలు. పదిహేడేళ్ల అమ్మాయి ప్రెజర్ ముల్లును చూస్తూ, అబ్బాయి గుడ్డతో నీళ్లు వడకడుతూ ఉంటారు. వాళ్లు మొదటిసారి మనసు విప్పి మాట్లాడుకున్నది ఆ మూడు గంటల్లోనే. మీట నొక్కగానే పరుగెత్తే యంత్రమైతే ఆ రాత్రి నాకు దొరికేది కాదు.

అపోహ: జాంబీల మధ్య ప్రేమ పెడితే అది పాటలా అతికించినట్టు ఉంటుంది.

అతికిస్తే అలాగే ఉంటుంది. ప్రేమ వల్ల ఒక నిర్ణయం మారాలి, ఆ నిర్ణయం వల్ల ఎవరో బతకాలి లేదా పోవాలి. పెద్ద డైలాగులు అక్కర్లేదు. మా వైపు కొత్తవాళ్లతో ప్రతి మాటకూ 'అండీ' తగిలిస్తాం. నా కథలో అమ్మాయి కాలువ లాకు దగ్గర "తలుపు దించండి" అని అరిచి, వెంటనే "దించు, నువ్వు ముందు దించు" అంటుంది. 'మీరు' నుంచి 'నువ్వు'కు దిగిన ఆ ఒక్క చోటే ఆ అధ్యాయానికి ప్రేమ సన్నివేశం.

అపోహ: యంగ్ అడల్ట్ (కౌమారంలో ఉన్నవాళ్ల కోసం రాసే) నవల అంటే చిన్నపిల్లల పుస్తకం, చావులు ఉండకూడదు.

పన్నెండు దాటినవాళ్లకు చావు తెలుసు. కరోనా రోజుల్లో తాతయ్యను ఆఖరిచూపు చూడలేకపోయిన పిల్లలు ఇప్పుడు నా పాఠకులు. దాచకండి, జుగుప్స కోసం సాగదీయనూ వద్దు.

అపోహ: చివరికి ఏదో మందు కనిపెట్టి జాంబీలను మళ్లీ మనుషుల్ని చేయాలి.

హైతీ నమ్మకంలో జాంబీకి ఉప్పు పెడితే తెలివొస్తుంది. తను చచ్చానని తెలిసి, నడుచుకుంటూ తన సమాధికి వెళ్లిపోతుంది. మన దగ్గర ఉప్పు తిన్నవాడు యజమానికి కట్టుబడి ఉండాలంటాం. అక్కడ ఉప్పు విడిపిస్తుంది, ఇక్కడ కట్టేస్తుంది. ఈస్టిండియా కంపెనీవాళ్లు 1805లోనే మద్రాసు ప్రెసిడెన్సీలో ఉప్పు మీద గుత్తాధిపత్యం పెట్టుకున్నారు. నా కథలో ఆ గుత్తాధిపత్యానికి కారణం ఇదే. ఉప్పుమడుల్లో పెరిగిన అబ్బాయికి ఆ సంగతి తెలిసే నాటికి, పడవ పొయ్యి దగ్గర కట్టెలు వేస్తున్న జాంబీల్లో వాడి అన్న కూడా ఉంటాడు. అన్న నోట్లో ఉప్పుకల్లు వేయాలా వద్దా అన్నది వాడు ఆ అమ్మాయినే అడుగుతాడు. ఆ అధ్యాయం మూడుసార్లు రాశాను. మూడింటిలోనూ ఆమె "నేను చెప్పను, నీ ఇష్టం" అనే అంటోంది.