చాగోస్: హక్కులు జారిపోయింది 1965లో

హిందూ మహాసముద్రంలోని చాగోస్ దీవులను మారిషస్‌కు అప్పగించే ఒప్పందం మీద బ్రిటన్‌లో మళ్లీ రగడ రాజుకుంది. 2025 మే 22న సంతకాలైన ఆ ఒప్పందంలో చర్చకు వస్తున్నవి ఆ దీవుల్లో పెద్దదైన డీగో గార్సియాలోని బ్రిటన్-అమెరికా సైనిక స్థావరం, దాని కౌలుకు 99 ఏళ్ల గడువు, అందుకు బ్రిటన్ మారిషస్‌కు ఏటా సగటున 10.1 కోట్ల పౌండ్ల చెల్లింపు. దీవుల నుంచి గెంటేసిన జనానికి యూరప్ మానవ హక్కుల ఒడంబడిక ఎందుకు అక్కరకు రాలేదో అడిగేవాళ్లు తక్కువ.

ఆ ఒడంబడికపై సంతకం చేసిన దేశం ఏలుబడిలోని వలసలకు అది దానంతటదే వర్తించదు. ఫలానా ప్రాంతానికి వర్తింపజేస్తున్నామని విడిగా ప్రకటించాలి. ఈ నియమం ఒడంబడికలో అప్పట్లో 63వ అధికరణం, ఇప్పుడు 56వది. 1953 అక్టోబరులో బ్రిటన్ 42 ప్రాంతాలకు ఆ ప్రకటన చేసింది. మారిషస్ అందులో ఉంది, చాగోస్ మారిషస్‌లో భాగం. కాబట్టి కొబ్బరి తోటల్లో బతికే దీవివాసులకూ కాగితం మీద హక్కులు దక్కాయి. వలసల మనిషి నేరుగా ఫిర్యాదు చేసుకునే వీలు మాత్రం ఇవ్వలేదు. అయినా 1956లో సైప్రస్‌లోని అణచివేతపై గ్రీస్ ఫిర్యాదు చేయడంతో యూరప్ మానవ హక్కుల కమిషన్ విచారణ బ్రిటన్ మెడకు చుట్టుకుంది. ప్రకటన చేస్తే ఏమవుతుందో లండన్‌కు అప్పుడే తెలిసివచ్చి ఉండాలి.

అసలు మలుపు 1965 నవంబరు 8. పార్లమెంటులో చట్టమేదీ చేయకుండా, రాణి పేరిట ఒక ఉత్తర్వుతో చాగోస్‌ను మారిషస్ నుంచి కోసేసి 'బ్రిటిష్ హిందూ మహాసముద్ర ప్రాంతం' అనే కొత్త వలసను పుట్టించారు. దేశాలు వలసలను వదులుకుంటున్న రోజుల్లో కొత్తగా ఒకటి! దానికి కొత్త ప్రకటన చేయాలి కదా, చేయలేదు. అక్కడ జనం ఉన్నారని ఒప్పుకుంటే ఐక్యరాజ్యసమితికి లెక్క చెప్పాల్సి వస్తుంది. అందుకే తరతరాలుగా ఉన్నవాళ్లను కాంట్రాక్టు కూలీలుగా చూపించారు. సీగల్ పక్షులు తప్ప స్థానిక జనమంటూ ఉండరని 1966లో బ్రిటన్ విదేశాంగ శాఖ అత్యున్నత అధికారి రాసిన మాట ఇప్పుడు బహిరంగ పత్రాల్లోనే ఉంది. 1973 నాటికి దీవులు ఖాళీ. పెంపుడు కుక్కలనూ చంపించారు.

బ్రిటన్ వాదన చిన్నది: రక్షణ అవసరం, పైగా 1982లో 40 లక్షల పౌండ్ల పరిహారం ఇచ్చాం.

లండన్ హైకోర్టు 2000లో దీవివాసుల పక్షాన తీర్పు చెప్పింది. 2004లో మళ్లీ రాణి పేరిటే ఉత్తర్వులు తెచ్చి తిరుగుదారి మూసేశారు. 2008లో అప్పటి అత్యున్నత న్యాయస్థానమైన లార్డ్స్ సభ న్యాయమూర్తులు 3-2 తేడాతో ఆ ఉత్తర్వులను నిలబెట్టారు. స్ట్రాస్‌బర్గ్‌లోని యూరప్ మానవ హక్కుల కోర్టులోనూ బ్రిటన్ పాత ఆయుధమే తీసింది: ఈ ప్రాంతానికి ఒడంబడికను మేమెన్నడూ వర్తింపజేయలేదు. పరిహారం పుచ్చుకుని దావా వదులుకున్నవాళ్లు బాధితులమని చెప్పుకోలేరంటూ 2012లో ఆ కోర్టు కేసును విచారణకే తీసుకోలేదు. ఆ పరిహారం తీసుకునేటప్పుడు చాలామంది వేలిముద్రలు వేసింది తమకు రాని ఇంగ్లిషు కాగితాల మీద.

కొత్త ఒప్పందం ప్రకారం మిగతా దీవుల్లో పునరావాసం మారిషస్ చేతిలో ఉంటుంది. డీగో గార్సియాలో పుట్టినవాళ్లు మాత్రం అక్కడ మళ్లీ కాపురం పెట్టడానికి లేదు.