లాయంలో అంటురోగాలు: అపోహలు - వాస్తవాలు

బెంగళూరు చుట్టుపక్కల రైడింగ్ స్కూళ్ళలో, పెళ్ళిళ్ళకు గుర్రాలు తిప్పేవాళ్ళ దగ్గర పనిచేసే మన తెలుగు సైసులు (గుర్రాలను చూసుకునేవాళ్ళు), యజమానులు తరచుగా అనే మాటలివి.

అపోహ: ముక్కు కారడం లేదు, దగ్గడం లేదు, మేత తింటోంది. గుర్రం బాగున్నట్టే.

వాస్తవం: స్ట్రాంగిల్స్ అంటే దవడ కింద, గొంతు దగ్గర గడ్డలు తెచ్చే బాక్టీరియా అంటురోగం. ఇందులో ముందు వచ్చేది జ్వరం. చీమిడి, దవడ కింద గడ్డ తర్వాతి సంగతి. జ్వరం మొదలైన రెండు మూడు రోజులకు గానీ ముక్కులోంచి బాక్టీరియా బయటికి రాదు. వేరుచేయడానికి దొరికే వ్యవధి అంతే. చీమిడి కనబడ్డాక వేరుచేస్తే చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే.

అందుకే లాయంలో అన్నిటికన్నా విలువైన వస్తువు థర్మామీటర్. పెద్ద గుర్రానికి మామూలుగా ఉండేది 37.2 నుంచి 38.3 డిగ్రీల సెల్సియస్ (99–101 ఫారెన్‌హీట్). పొద్దున పనికి ముందోసారి, సాయంత్రం ఒళ్ళు చల్లబడ్డాక ఇంకోసారి చూడండి. స్వారీ చేసిన వెంటనే చూస్తే ఎలాగూ ఎక్కువే చూపిస్తుంది. గుర్రం పక్కన నిలబడి, కొనకు కొంచెం వాజలీన్ రాసి, మలద్వారంలో పెట్టి లోపలి పేగు గోడవైపు వాల్చి పట్టుకోవాలి. పేడ మధ్యలోకి పోతే తక్కువ చూపిస్తుంది. దారం కట్టి తోకకు క్లిప్పు పెడితే జారిపోదు. ఒకే థర్మామీటర్‌తో అన్నిటికీ చూసేటట్టయితే ప్రతిసారీ స్పిరిట్‌తో తుడవాలి. జ్వరమున్న గుర్రానికి మాత్రం దానిది దానికే. 38.5 దాటితే ఆ పూటే వేరుచేసి డాక్టర్‌కు ఫోన్ చేయండి.

అపోహ: కొత్త గుర్రాన్ని చివరి స్టాల్‌లో వారం ఉంచితే చాలు.

వాస్తవం: స్ట్రాంగిల్స్ బయటపడటానికే 3 నుంచి 14 రోజులు పడుతుంది. కాబట్టి కనీసం 21 రోజులు ఉంచాలి. చివరి స్టాల్‌ది కూడా అదే కాలువ, అదే సైసు, అదే పార అయితే అది క్వారంటైన్ అనిపించుకోదు. వేరే కప్పు కింద, వేరే బకెట్లు, వేరే బ్రష్షులు, వేరే జీను, కళ్ళెం పెట్టండి. మనిషి ఒక్కడే అయితే వరస ముఖ్యం: ముందు బాగున్నవి, తర్వాత కొత్తవి, చివర జబ్బువి. మధ్యలో చేతులు సబ్బుతో కడగాలి, బూట్లు మార్చాలి. నాల్‌బందు (లాడాలు కొట్టేవాడు) కూడా ఇదే వరసలో రావాలి, దీన్నే అందరూ మరిచిపోతారు.

ఇంకో చిక్కు ఉంది. స్ట్రాంగిల్స్ నుంచి కోలుకున్న గుర్రాల్లో కొన్ని గొంతు పక్క ఉండే గట్టరల్ పౌచ్ అనే గాలి సంచిలో బాక్టీరియాను నెలల తరబడి దాచుకుంటాయి, పైకి ఏమీ కనబడదు. ఎండోస్కోప్‌తో (కెమెరా గొట్టం) ఆ పౌచ్ కడిగిన నీటికి పీసీఆర్ పరీక్ష చేయిస్తేనే తేలుతుంది.

అపోహ: గేటు దగ్గర, స్టాల్‌లో బ్లీచింగ్ పౌడర్ చల్లితే క్రిములు చస్తాయి.

వాస్తవం: పొడిగా చల్లితే ఘాటు వాసన తప్ప పెద్దగా ఒరిగేదేమీ లేదు. పేడ, గడ్డి తగిలితే క్లోరిన్ అక్కడే ఖర్చయిపోతుంది. ముందు పేడ, పరుపు (కింద పరిచిన గడ్డి) మొత్తం ఎత్తేయాలి. డిటర్జెంట్ నీళ్ళతో రుద్ది, కడిగి, ఆరనివ్వాలి. ఆ తర్వాతే మందు. తాజా బ్లీచింగ్ పౌడర్ 30 గ్రాములు లీటరు నీటిలో కలిపి, తేరాక పైనీరు వాడితే సుమారు 1 శాతం క్లోరిన్ ద్రావణం. కనీసం 10 నిమిషాలు తడిగా ఉంచి కడిగేయండి. ఏ రోజుది ఆ రోజే కలపాలి. వానాకాలంలో మూత తీసి ఉంచిన డబ్బా నీరసించి ఉంటుంది. యాసిడ్‌తో కలిపితే విషవాయువు వస్తుంది, చచ్చినా కలపొద్దు. మట్టి నేలను ఏ మందూ శుభ్రం చేయలేదు. పైపొర చెక్కేసి, ఎండ తగిలేలా ఖాళీగా వదలడమే. ప్రెషర్ వాషర్ కూడా వద్దు, మురికిని తుంపరలుగా పక్క స్టాల్స్ మీదికి విసురుతుంది.

అపోహ: ఎవరి బకెట్ వాళ్ళదే, నీళ్ళ ద్వారా రాదు.

వాస్తవం: నీళ్ళు పట్టేటప్పుడు పైపు చూడండి. దాని కొన ఒక బకెట్‌లో మునిగి, అలాగే పక్క బకెట్‌లోకి వెళ్తుంది. బకెట్లు వేరైనా నీళ్ళు ఒకటే. కొన ఎప్పుడూ నీటికి పైన ఉండాలి. స్ట్రాంగిల్స్ బాక్టీరియా ఎండలో త్వరగా చస్తుంది కానీ తొట్టి నీళ్ళలో వారాల తరబడి బతకగలదు.

అపోహ: ఫ్లూ టీకా వేయించాం, ఇక భయం లేదు.

వాస్తవం: టీకా జబ్బు తీవ్రతను తగ్గిస్తుంది. టీకా పడ్డ గుర్రం కూడా పెద్దగా దగ్గకుండానే వైరస్ పంచగలదు. మొదటిసారి 4–6 వారాల ఎడంతో రెండు డోసులు పడందే నమ్మకం పెట్టుకోవద్దు.

అపోహ: సూది వేడినీళ్ళలో కడిగితే రెండో గుర్రానికి వాడొచ్చు.

వాస్తవం: వద్దు. ఈక్వైన్ ఇన్‌ఫెక్షస్ అనీమియా (వైరస్ వల్ల వచ్చే రక్తహీనత), సర్రా (రక్తంలోని పరాన్నజీవి వల్ల వచ్చే జ్వరం) రెండూ రక్తంతో పాకుతాయి, జోరీగలు మోసేవీ అవే. గుర్రానికో సూది, గుర్రానికో సిరంజి.

అపోహ: గ్లాండర్స్ అనుమానమొస్తే గుట్టుగా యాంటీబయాటిక్ కొడితే తగ్గిపోతుంది.

వాస్తవం: గ్లాండర్స్ గుర్రాలకు వచ్చే ప్రమాదకరమైన బాక్టీరియా రోగం. జిగట చీమిడి, ముక్కులో పుండ్లు, కాళ్ళ వెంట వరసగా గడ్డలు కనబడితే సూది ముట్టుకోకుండా ప్రభుత్వ పశువైద్యాధికారికి చెప్పాలి. 2009 నాటి అంటువ్యాధుల నియంత్రణ చట్టం ప్రకారం చెప్పి తీరాలి. దీనికి టీకా లేదు. రక్త నమూనాల పరీక్షకు హిసార్‌లోని జాతీయ అశ్వ పరిశోధన కేంద్రం ఉంది. మందులు లక్షణాలను కప్పేస్తాయి, గుర్రం మాత్రం రోగం పంచుతూనే ఉంటుంది. ఇది మనుషులకూ అంటుకుని ప్రాణం తీయగలదు. కాబట్టి అధికారి వచ్చేదాకా ఒకే సైసు, మాస్కు, గ్లవ్స్. చేతిమీద గాయమున్నవాడు దగ్గరికి పోకూడదు. దాని పరుపు, దుప్పటి లాయం దాటి బయటికి వెళ్ళకూడదు.