స్క్రోలింగ్‌లో వచ్చిందల్లా రూలు కాదు: వీసా వార్తలపై అపోహలు - వాస్తవాలు

"మేడమ్, మా వాడి హెచ్-1బీ, అదే అమెరికా ఉద్యోగ వీసా, ఇక చెల్లదట కదా, టీవీలో చెప్పారు." ఇమిగ్రేషన్ లాయరుగా నేను తరచూ వినే మాట ఇది. అడిగేవాళ్ల మీద నాకు కోపం లేదు. బిడ్డ అంత దూరాన ఉంటే ఏ తల్లికి నిద్ర పడుతుంది? నా కోపమంతా, ఆర్డరు చదవకుండానే ఎర్రక్షరాల్లో తిప్పేవాళ్ల మీద.

అపోహ: టీవీలో వచ్చిందంటే రూలు వచ్చేసినట్టే.

వాస్తవం: ప్రకటన వేరు, రూలు వేరు, అది ఎవరికి వర్తిస్తుందన్నది ఇంకా వేరు. 2025 సెప్టెంబరు 19నే తీసుకోండి. హెచ్-1బీకి లక్ష డాలర్ల ఫీజు పెడుతూ ట్రంప్ ప్రొక్లమేషన్ (అధ్యక్షుడి అధికారిక ఉత్తర్వు) మీద సంతకం పెట్టారు. కామర్స్ సెక్రటరీ లట్నిక్ అది ఏటా కట్టాలన్నట్టు మాట్లాడారు. ఇక ఛానళ్లన్నీ అదే ఎత్తుకున్నాయి. పాత వీసాల సంగతి ప్రొక్లమేషన్‌లో స్పష్టంగా లేదు. పెద్ద కంపెనీలే వెంటనే వెనక్కి రమ్మని ఉద్యోగులకు మెయిల్స్ పెట్టాయి. ఆ రాత్రి భయపడ్డవాళ్లను నేను తప్పుపట్టను. కానీ మర్నాడే వైట్‌హౌస్, వీసా పిటిషన్లు చూసే ప్రభుత్వ సంస్థ యూఎస్‌సీఐఎస్ తేల్చేశాయి: ఒక్కసారే కట్టే ఫీజు, అదీ కొత్త పిటిషన్లకే (కంపెనీలు పెట్టే దరఖాస్తులకే). చేతిలో ఉన్న వీసాలకు, రెన్యువల్స్‌కు లేదు. అమెరికాలోనే ఉండి ఎఫ్-1 (విద్యార్థి వీసా) నుంచి హెచ్-1బీకి మారేవాళ్లకూ లేదని అక్టోబరు 20న చెప్పారు.

నా క్లయింటు ఒకమ్మాయి చెల్లెలి పెళ్లికని ఇండియా వెళ్లి, మెహందీ చేతులతోనే ఎయిర్‌పోర్టుకు పరిగెత్తింది. పాస్‌పోర్టులోని వీసా స్టాంపుకు ఇంకా రెండేళ్ల గడువుంది, ఐ-797 (పిటిషన్ ఆమోదించినట్టు ఇచ్చే పత్రం) బ్యాగులోనే ఉంది. దోహాలో దిగి నాకు ఫోన్ చేసేసరికి వివరణ వచ్చేసింది. పెళ్లి ఆమె లేకుండానే జరిగింది. నెలలు గడిచాక కూడా వాళ్ల నాన్నగారు "ఏటా లక్ష డాలర్లంటే ఎలాగమ్మా?" అని అడిగారు. సంచలనం గంటలో ఇంటింటికీ చేరింది, సవరణ ఆ ఇంటికి చేరనేలేదు. అందుకే, ఎంత పెద్ద వార్తయినా సరే, అమలు తేదీ ఏమిటి, మన కేటగిరీకి వర్తిస్తుందా అన్నది చూశాకే టికెట్ల జోలికి వెళ్లండి.

అపోహ: అమెరికాలో పుట్టిన మన పిల్లలకు పౌరసత్వం ట్రంప్ ఆర్డరు వచ్చిన రోజే పోయింది.

వాస్తవం: పుట్టుకతో వచ్చే పౌరసత్వం కొందరికి ఇవ్వొద్దన్న 2025 జనవరి 20 నాటి ఆర్డరు ఫిబ్రవరి 19 తర్వాత పుట్టే పిల్లల గురించి. జనవరి 23నే సియాటిల్ కోర్టు దాన్ని ఆపింది. ఈలోపే కొందరు డెలివరీ ముందుకు జరుపుకోవాలా అని అడిగారు. నెలలు నిండని బిడ్డ విషయం అది. ఇలాంటి వార్తను ఆషామాషీగా తిప్పడం ఘోరం.

అపోహ: వలసదారుల వల్లే నేరాలు.

వాస్తవం: టెక్సాస్ అరెస్టు రికార్డులు పరిశీలిస్తే, సరైన పత్రాల్లేని వలసదారుల అరెస్టు రేటు అమెరికాలోనే పుట్టినవాళ్ల కంటే తక్కువని తేలింది. నేరం చేసినవాడి వీసా స్టేటస్ హెడ్‌లైన్‌కు ఎక్కితే జనానికి గుర్తుండేది అదొక్కటే.

అపోహ: అమెరికన్లంతా మనల్ని వద్దంటున్నారు.

వాస్తవం: వలసలు తగ్గించాలన్నవాళ్లు గాలప్ అనే సంస్థ సర్వేలో 2024లో 55 శాతం, 2025లో 30 శాతం. అదే 2025 సర్వేలో 79 శాతం మంది వలస దేశానికి మంచిదే అన్నారు.