కోచ్‌ని పెట్టారంటే పొగబెడుతున్నట్టేనా?

"కంపెనీల్లో పెద్ద పదవుల్లో ఉన్నవాళ్లకి కోచింగ్ చేస్తాను" అంటే మా బంధువులు ఇప్పటికీ "ఎంసెట్‌కా, గ్రూప్స్‌కా?" అనడుగుతారు. అది నవ్వుకుని వదిలేసేదే. ఆఫీసుల్లో తిరిగే అపోహలు అలా కాదు, వాటివల్ల నష్టం ఉంది.

అపోహ: పొగబెట్టే ముందు కోచ్‌ని పంపుతారు

2001లో ఎరిక్ ష్మిట్ గూగుల్ సీఈఓగా కొత్తగా చేరినప్పుడు, కోచ్‌ని పెట్టుకోమని బోర్డు సభ్యుడు జాన్ డోర్ చెబితే ఆయనకీ రుచించలేదు. ఇంత అనుభవం ఉన్న నాకెందుకు అనుకున్నారు. వచ్చిన కోచ్ బిల్ క్యాంప్‌బెల్, ఒకప్పుడు కొలంబియా యూనివర్సిటీ ఫుట్‌బాల్ జట్టుకి కోచ్. తనకందిన సలహాల్లో అదే మేలైనదని తర్వాత ష్మిట్టే చెప్పారు.

అయితే ఈ అపోహ ఊరికే పుట్టలేదు. మనిషిని పంపించేయాలని నిర్ణయించుకున్నాక, "మా ప్రయత్నం మేం చేశాం" అని ఫైల్లో రాసుకోడానికి కోచ్‌ని పిలిచే కంపెనీలున్నాయి. అందుకే హెచ్‌ఆర్‌ని ముందే అడుగుతాను: "ఈయన విషయం తేల్చేశారా?" జవాబు నసిగితే పని ఒప్పుకోను. ఒకసారి అడక్కుండా ఒప్పుకుని నాలుక కరుచుకున్నాను. నాలుగో సెషన్ నాటికి ఆయన సీట్లో వేరే మనిషి.

అపోహ: చెప్పుకున్నదంతా హెచ్‌ఆర్ చెవిన పడుతుంది

ఫీజు ఇచ్చేది కంపెనీ కాబట్టి ఈ అనుమానం సహజం. మొదటి సెషన్‌కి ముందే నలుగురం కూర్చుంటాం: ఆ లీడరు, ఆయన బాస్, హెచ్‌ఆర్, నేను. ఏం మారాలో, ఆరు నెలల తర్వాత ఆ మార్పు ఎవరికి ఎలా కనబడాలో అక్కడే రాసుకుంటాం. ఆ తర్వాత నా నుంచి హెచ్‌ఆర్‌కి వెళ్లేది ఎన్ని సెషన్లు జరిగాయన్న లెక్క మాత్రమే. ఎంతవరకొచ్చారో ఆయనే చెప్పుకుంటారు. ప్రాణాపాయం, చట్టవిరుద్ధమైన పని లాంటివి బయటపడితే దాచనని కూడా ఆ రోజే చెప్పేస్తాను. "ఆయన వేరే ఆఫర్ చూసుకుంటున్నారా?" అని కాఫీ తాగుతూ కదిపి చూసేవాళ్లుంటారు. "ఆయన్నే అడగండి" అంటాను.

అపోహ: కోచ్ సలహాలిస్తాడు

సలహాలకి కన్సల్టెంట్లున్నారు, అనుభవం పంచడానికి మెంటర్లున్నారు. ఒక వైస్ ప్రెసిడెంట్ "మా టీమ్‌లో ఎవరూ నోరు విప్పరండీ" అని వాపోయారు. ఆయన సరేనన్నాక రివ్యూ మీటింగ్‌లో వెనక కుర్చీలో కూర్చున్నాను. ఎవరైనా మాట్లాడుతుంటే ఆయన మధ్యలో అందుకున్న ప్రతిసారీ కాగితం మీద ఒక గీత. 50 నిమిషాల్లో 17 గీతలు. బయటికొచ్చాక కాగితం ఆయన ముందు పెట్టి ఊరుకున్నాను. చాలాసేపు చూసి, "ఇందులో సగం వాళ్లకి తెలియక కాదండీ, నేను కంగారుపడి" అన్నారు. తర్వాతి మూడు సెషన్లూ ఆ కంగారు మీదే నడిచాయి. "తక్కువ మాట్లాడండి" అని మొదటిరోజే చెప్పొచ్చుగా అంటారేమో. ఆ మాట ఇంట్లో ఆయన భార్య ఎప్పట్నుంచో చెబుతున్నారట.

అపోహ: సర్టిఫికెట్ ఉంటే చాలు

కోచ్‌లకి సర్టిఫికెట్లిచ్చే అంతర్జాతీయ సంస్థ ఐసీఎఫ్ (ఇంటర్నేషనల్ కోచింగ్ ఫెడరేషన్). వాళ్ల సర్టిఫికెట్లలో మొదటి మెట్టు ఏసీసీకి 100, తర్వాతి పీసీసీకి 500, పై మెట్టు ఎంసీసీకి 2,500 గంటల కోచింగ్ అనుభవం చూపాలి. ఉంటే మంచిదే. కానీ మీకూ ఆ కోచ్‌కీ పొసుగుతుందో లేదో ఈ గంటలు చెప్పవు. ముందు ఓ అరగంట మాట్లాడి చూడండి. కుదరదనిపిస్తే మొహమాటపడకుండా వేరే కోచ్‌ని అడగండి. నన్నూ ఇద్దరు వద్దన్నారు. ఒకరు కారణం కూడా చెప్పారు: "మీరూ మధ్యలో అందుకుంటున్నారండీ."