దుబాయ్ వెళ్లేటప్పుడు 2:20, వచ్చేటప్పుడు 5 గంటలా?

దుబాయ్ టికెట్ చేతికి రాగానే ఒడిశాలోని మన బరంపురంలో అందరూ వేసే లెక్క ఒకటే: దిగే టైములోంచి ఎక్కే టైము తీసెయ్యడం. హైదరాబాద్‌లో ఉదయం 10:00కి ఎగిరి అక్కడ మధ్యాహ్నం 12:20కి దిగుతుంది, కాబట్టి 2:20. తిరుగు టికెట్ రాత్రి 10:00కి, దిగేది తెల్లారి 3:00కి, అంటే 5 గంటలు. "వెళ్లేది ఫాస్టు, వచ్చేది స్లో" అని వీధంతా ప్రచారం.

జరిగేది పూర్తిగా తలకిందులు. టికెట్‌లో ఏ ఊరి టైము ఆ ఊరిదే. దుబాయ్ మనకంటే గంటన్నర వెనక. వెళ్లేటప్పుడు ఆ గంటన్నర కలపండి, 3:50. వచ్చేటప్పుడు తీసెయ్యండి, 3:30. నిజానికి వచ్చేదే త్వరగా వస్తుంది. ఏడాదిలో ఎక్కువ నెలలు పైన వీచేది పడమటి నుంచి వచ్చే గాలి, మన వైపు వచ్చే విమానాన్ని వెనక నుంచి తోస్తుంది, చలికాలంలో ఇంకా జోరు. దోహా, కువైట్, రియాద్‌లకు తేడా రెండున్నర గంటలు. సింగపూర్ మనకంటే రెండున్నర గంటలు ముందు, అక్కడికి లెక్క తిరగెయ్యాలి.

గంటలు తప్పితే కంగారే, తేదీ తప్పితే డబ్బే పోతుంది. 14వ తేదీ రాత్రి 10:00కి దుబాయ్‌లో ఎక్కినవాడు దిగేది 15న. టైము పక్కన చిన్నగా +1 ఉంటుంది, ఎవరూ చూడరు. ఇంట్లోవాళ్లు 14కే సికింద్రాబాద్‌లో ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్‌కు రిజర్వేషన్ చేయించేస్తారు. వెళ్లేటప్పుడూ అంతే. "15న 00:40" అంటే 14 రాత్రి భోజనాల వేళకే ఎయిర్‌పోర్టులో ఉండాలి. 15 రాత్రి పెట్టెలు పట్టుకుని వెళ్తే, ఆ విమానం పోయి అప్పటికే దాదాపు రోజు గడిచిపోయి ఉంటుంది.

తెల్లారి 3:00కి దిగి, 5:00కి భువనేశ్వర్ ఫ్లైటు వేరే టికెట్ మీద కొనేవాళ్లున్నారు. "రెండు గంటలుందిగా!" లేదు. డొమెస్టిక్ కౌంటర్ గంట ముందే మూస్తారు. మిగిలిన గంటలో ఇమ్మిగ్రేషన్ క్యూ, బెల్టు దగ్గర పెట్టె, కస్టమ్స్, మళ్లీ లగేజీ అప్పగించడం. నాలుగు గంటల గ్యాప్ లేకుండా కొనకండి. ఒకే పీఎన్ఆర్ అయితే మొదటిది లేటై రెండోది తప్పినా ఎయిర్‌లైనే చూసుకోవాలి. రెండు టికెట్లైతే ఆ బాధ మీదే.

"ఎక్కాను" అని మెసేజ్ పెట్టి నాలుగు గంటలైనా ఫోన్ రాలేదని ఏడ్చే తల్లిని ఏమంటాం? అమ్మా, ఎక్కడం వేరు, ఎగరడం వేరు. బోర్డింగ్ ముప్పావు గంట ముందే మొదలవుతుంది. దిగాక బయటికి రావడానికి మరో గంట వేసుకోండి.

ఇక దూరం. చదునైన మ్యాప్ మీద స్కేలు పెట్టి కొలవకండి, భూమి గుండ్రం. అక్షాంశ రేఖాంశాలతో హావర్‌సైన్ సూత్రం (గుండ్రటి భూమి మీద రెండు చోట్ల మధ్య దూరం చెప్పేది) కడితే హైదరాబాద్-దుబాయ్ సుమారు 2,550 కి.మీ. ఎక్సెల్‌లో డిగ్రీలను రేడియన్లుగా (కోణాలకు ఎక్సెల్ వాడే కొలత) మార్చకుండా సైన్‌లో పెడితే వచ్చేది చెత్త. జెట్ వేగం గంటకు 830 కి.మీ., ఎదురుగాలికి 40 తగ్గించండి, 790తో భాగిస్తే 3:14. విమానం రన్‌వే దాకా నేలమీద వెళ్లడం, పైకి లేవడం, కిందికి దిగడం కలిపి 35 నిమిషాలు వెయ్యండి, 3:49 వచ్చింది చూశారా. వచ్చేటప్పుడు గాలి తోడు కాబట్టి 40 కలిపి 870తో భాగించండి.

పైలట్ చెప్పే మైలు 1.852 కి.మీ., రోడ్డు మైలు కాదు.

830 అన్ని విమానాలకూ పనికిరాదు. రెక్కలకు ఫ్యాన్లుండే చిన్న విమానం ఏటీఆర్‌కు 500 వేసుకోండి. ఒడిశా జయపురం రూట్లో తిరిగిన 9 సీట్ల సెస్నా క్యారవాన్‌కైతే 300 పైచిలుకే.