చూడ్డానికి ఒకే చుక్క

పైథాన్ భాషలో గ్రాఫులు గీసే సాఫ్ట్‌వేర్ మ్యాట్‌ప్లాట్‌లిబ్. దాన్ని వాడేవాళ్లకు ఎప్పుడో ఒకప్పుడు ఈ చిక్కు ఎదురవుతుంది. గ్రాఫ్ తయారైపోయింది, అందులోని చుక్కలు కొంచెం పెద్దవి చెయ్యాలి. ఒక గ్రాఫ్ మీద చక్కగా పనిచేసిన కోడ్, అచ్చం అలాగే ఉన్న ఇంకో గ్రాఫ్ మీద ఎర్రర్ ఇస్తుంది. కళ్లు చికిలించి చూసినా రెండింటికీ తేడా కనబడదు.

తేడా ఆ చుక్కల పుట్టుకలో ఉంది. ప్లాట్ అనే ఫంక్షన్‌ని పిలిచి, గీత వద్దు, గుండ్రటి గుర్తులు చాలు అంటే తయారయ్యేది లైన్2డి. గీత కనబడకపోయినా ప్రోగ్రామ్ లెక్కలో అది గీతే. వెయ్యి చుక్కలున్నా అది ఒక్కటే వస్తువు, అన్నిటికీ ఒకటే రంగు. అవే చుక్కల్ని స్కాటర్ అనే ఇంకో ఫంక్షన్‌తో పెడితే వచ్చేది పాత్‌కలెక్షన్, అంటే ఆకారాల గుంపు. ఇందులో చుక్కచుక్కకూ వేరే రంగు, వేరే సైజు ఇవ్వొచ్చు. సైజు కొలిచే పద్ధతి కూడా మారిపోతుంది. మొదటిదానికి చుక్క అడ్డుకొలతను పాయింట్లలో చెబుతాం. రెండోదానికి ఆ అడ్డుకొలత వర్గం చెప్పాలి. అక్కడ 6 అని రాస్తే, ఇక్కడ 36 అని రాస్తేనే చుక్కలు సమానంగా వస్తాయి.

జాన్ హంటర్ అనే నాడీశాస్త్ర పరిశోధకుడు మూర్ఛ రోగుల మెదడులోని విద్యుత్ సంకేతాలను తెరమీద చూసుకోవడానికి మొదలుపెట్టిన పని ఈ మ్యాట్‌ప్లాట్‌లిబ్. 2003లో బయటికొచ్చింది. ఇందులో తెరమీద కనిపించే ప్రతిదీ, గీతైనా అక్షరమైనా బొమ్మైనా, ఆర్టిస్ట్ అనే ఒకే మూల రకం నుంచి పుట్టిందే. ఈ వంశవృక్షం తెలిస్తే సగం టెన్షన్ తగ్గిపోతుంది.

ఏ డేటా వెయ్యని ఖాళీ గ్రాఫ్‌ని తీసుకుని, నీ పిల్లలెవరు అని అడిగి చూడండి. గెట్ చిల్డ్రన్ అనే పిలుపు ఉన్నది అందుకే. జవాబుగా 10 వస్తువులు వస్తాయి: నాలుగు వైపులా అంచుగీతలు 4, రెండు అక్షాలు, శీర్షిక కోసం ఎడమన, మధ్యన, కుడిన ఖాళీగా ఎదురుచూసే అక్షరాల చోట్లు 3, వెనకాల తెల్లటి రెక్టాంగిల్ ఒకటి. ఆ చివరిదే ఎక్కువమందిని ముంచుతుంది. బార్ గ్రాఫ్‌లోని ప్రతి బారూ రెక్టాంగిలే కదా! పిల్లల్లో రెక్టాంగిల్ కనబడినప్పుడల్లా నీలం రంగు వెయ్యమని కోడ్ రాస్తే నేపథ్యం కూడా నీలమైపోయి, బార్లు అందులో కలిసిపోతాయి. పోనీ ఇంకా పై తరమైన ప్యాచ్ పేరుతో వెతుకుదామంటే, అంచుగీతలు కూడా ఆ కుటుంబానివే. అదే గ్రాఫ్‌ని ప్యాచెస్ అనే జాబితా అడిగితే మాత్రం మనం చేర్చినవే ఇస్తుంది, నేపథ్యాన్నీ అంచుల్నీ కలపదు. గీతలకు లైన్స్, చుక్కల గుంపులకు కలెక్షన్స్ అనే జాబితాలున్నాయి. గ్రాఫ్ మొత్తం వెతికే ఫైండాబ్జ్ అనే ఫంక్షన్‌తో మూలమూలా గాలిస్తే అక్షాల మీద అంకెల పక్కన ఉండే చిన్న గీతలు కూడా లైన్2డి కిందే దొరికి జాబితా కొండంత అవుతుంది.

రకాన్ని పోల్చేటప్పుడు సరిగ్గా ఇదేనా అని కాకుండా ఈ వంశానిదేనా అని అడగడం మేలు. పైథాన్‌లో ఈజ్‌ఇన్‌స్టెన్స్ చేసేది ఆ పనే. అయినా పూర్తి భరోసా లేదు. నిలువుగా ఒక పట్టీకి రంగు వేసే యాక్స్‌విస్పాన్ అనే ఫంక్షన్ ఒకప్పుడు పాలిగాన్‌ని (బహుభుజిని) ఇచ్చేది; మ్యాట్‌ప్లాట్‌లిబ్ 3.9 వెర్షన్ నుంచి రెక్టాంగిల్‌ని ఇస్తోంది. తెరమీద ఆ పట్టీ ఏమీ మారలేదు, పాలిగాన్ కోసం వెతికే పాత కోడ్‌కు మాత్రం అది ఇక దొరకదు.

అందుకే నాకు నచ్చిన పద్ధతి వెతకడం కాదు, పుట్టినప్పుడే పట్టుకోవడం. గీసే ప్రతి ఫంక్షనూ తాను చేసినదాన్ని తిరిగి మన చేతికిస్తుంది. ప్లాట్ ఒక్క గీత గీసినా జాబితాలో పెట్టి ఇస్తుంది, హిస్టోగ్రామ్ గీసే హిస్ట్ అయితే ఒక్కో బారులో ఎన్ని పడ్డాయన్న లెక్కలు, బార్ల హద్దులు, బార్లు మూడూ కలిపి ఇస్తుంది. దాన్ని ఒక పేరుతో దాచుకుని, సెట్ జిఐడి అనే పిలుపుతో ‘సగటు గీత’ లాంటి గుర్తు తగిలిస్తే ఇంకా మంచిది. గ్రాఫ్‌ని ఎస్‌విజి ఫైల్‌గా (బొమ్మను అక్షరాల్లో రాసిపెట్టే రకం ఫైల్) దాస్తే ఆ గుర్తు కూడా అందులోకి చేరుతుంది. రేపు కోడ్ చేతిలో లేకపోయినా, ఆ ఫైల్‌ని టెక్స్ట్‌గా తెరిచినవాళ్లకు ఏ గీత ఏదో దాని పక్కనే రాసి ఉంటుంది.